రోగనిరోధక శక్తి – ఆహార పూరకాలు

రోజువారీ తిండిలో దొరకని, లేదా చాలినంత దొరకని పోషకాలను మాత్ర, పొడి, లేహ్యం, కషాయం, చుక్కలు వంటి రూపాల్లో విడిగా తీసుకుంటే వాటిని ఆహార పూరకాలు అంటారు. వాడుకలో సప్లిమెంట్లు. చేపనూనె గోళీలు, సి విటమిన్ చప్పరించే బిళ్లలు, ఉసిరి లేహ్యం, పసుపు సారం నింపిన క్యాప్సూళ్లు, తిప్పతీగ రసం అన్నీ ఈ గంపలోవే. మొక్క నుంచో, జంతువు నుంచో, సూక్ష్మజీవి నుంచో తీసినవైతే ముందు ‘సహజ’ అన్న విశేషణం చేరుతుంది. రసాయనశాస్త్రం దృష్టిలో ఆ విశేషణానికి పెద్ద విలువ లేదు. ఉసిరికాయలోని ఆస్కార్బిక్ ఆమ్లానికీ, ఫ్యాక్టరీలో గ్లూకోజు నుంచి తయారైన ఆస్కార్బిక్ ఆమ్లానికీ అణువులో తేడా ఉండదు. కాయతోపాటు వచ్చే పీచు, వగరు, తక్కిన పదార్థాలే తేడా.

పూరకం అంటే లోటును పూడ్చేది. ఈ రంగంలో వందేళ్లుగా జరిగిన పరిశోధన చాలావరకు ఆ మాట అర్థం చుట్టూనే తిరిగింది. లోటు ఉన్నచోట పూరకం ప్రాణాలు నిలబెట్టింది. లోటు లేనిచోట ఎక్కువసార్లు ఏమీ చేయలేదు, కొన్నిసార్లు చెరుపు చేసింది. ఐరోపా సంఘం 2012లో పోషకాల గురించి సీసాల మీద ఏం రాయవచ్చో జాబితా వేసినప్పుడు రోగనిరోధకత విషయంలో పది పోషకాలకు అనుమతి దక్కింది: ఎ, బి6, బి12, సి, డి విటమిన్లు, ఫోలేట్, ఇనుము, జింక్, రాగి, సెలీనియం. అప్పుడు కూడా ‘రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పనిచేయడానికి తోడ్పడుతుంది’ అని రాయనిచ్చారే తప్ప ‘పెంచుతుంది’ అని రాయనివ్వలేదు.

శక్తి అన్న మాటతో చిక్కు

తెలుగులో ఈ వ్యవస్థను రోగనిరోధక శక్తి అంటున్నాం. శక్తి అనగానే అది కొలిచి పోయగలిగే సరుకనీ, ఎంత పెరిగితే అంత మంచిదనీ అనిపిస్తుంది. సీసాల వ్యాపారం సగం ఆ భావన మీదే నడుస్తోంది. నిజానికి అదొక బందోబస్తు. చర్మం, ముక్కు నుంచి పేగుల దాకా ఉన్న జిగురుపొర మొదటి గోడ. గోడ దాటి వచ్చిన క్రిమిని న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు గంటల్లో చుట్టుముట్టి మింగుతాయి. వాటివల్ల కాకపోతే కొద్ది రోజుల్లో బి కణాలు ఆ క్రిమికి సరిపడే యాంటీబాడీలను తయారుచేస్తాయి, టి కణాలు క్రిమి దూరిన సొంత కణాలనే ఏరి చంపుతాయి. కొన్ని కణాలు ఆ క్రిమి ఆనవాలును ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటాయి. టీకా వాడుకునేది ఈ జ్ఞాపకాన్నే.

ఇంత బలగానికి కళ్లెం కూడా కావాలి. సొంత శరీరం మీదికి పోకుండా తోటి కణాలను అదుపుచేసే టి కణాలు కొన్ని ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025 వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. కళ్లెం తెగితే రుమటాయిడ్ కీళ్లవాతం, టైప్ 1 మధుమేహం వంటి జబ్బులు వస్తాయి. పువ్వుల పుప్పొడికే యుద్ధం ప్రకటిస్తే ఉబ్బసం, దద్దుర్లు. కోవిడ్ ముదిరినవారిలో ఊపిరితిత్తులను పాడుచేసిన నేరం వైరస్ ఒక్కదానిదే కాదు, అదుపు తప్పి విరుచుకుపడ్డ సొంత సైన్యానిది కూడా. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన రోగులకు ఇచ్చిన డెక్సామెథసోన్ ఈ స్పందనను తగ్గించే మందు. ఇమ్యూనిటీ పెంచుతామన్న ప్రకటనలు టీవీల్లో మోగుతున్న రోజుల్లోనే ఆసుపత్రి వార్డుల్లో దాన్ని తగ్గించే పని జరుగుతోంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ లేకపోతే కణం రెండుగా చీలలేదు. నిరంతరం కొత్తవి పుడుతూ ఉండాల్సిన రక్తకణాలకు దాని అవసరం మరీ ఎక్కువ. అంతకు పదిహేనేళ్ల ముందు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని గమనించారు. ఆ సారంలో పనిచేసింది ఇదే పదార్థం. సుబ్బారావు బృందం తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే రసాయనాలను కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగారని 1948లో లోకానికి తెలిసింది. దాని చుట్టమే మెథోట్రెక్సేట్. కీళ్లవాతం రోగులు నేటికీ వారానికొకసారి ఆ మాత్ర వేసుకుంటారు, చెలరేగిన నిరోధక కణాల జోరు తగ్గడానికి. ఆ మాత్ర పెట్టే ఇబ్బందులు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోమని వైద్యులు రాస్తారు!

పసుపు, తిప్పతీగ

2020 మార్చి 31న కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇంట్లో పాటించదగిన సూచనలు కొన్ని విడుదల చేసింది. పొద్దున్నే 10 గ్రాముల చ్యవనప్రాశ, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం, 150 మిల్లీలీటర్ల వేడిపాలలో అర చెంచా పసుపు. తెలుగు ఇళ్లకు ఇవేమీ కొత్త కాదు. జలుబు చేస్తే మిరియాల పాలు, బాలింతకు శొంఠి, దెబ్బకు పసుపు ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తగా వచ్చింది ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అన్న పేరూ దాని వెంట వచ్చిన గిరాకీనూ. మరుసటి ఏడాది మే నెలలో, రెండో ఉద్ధృతి మధ్యలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఉచితంగా పంచుతున్న మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. రద్దీ తట్టుకోలేక పంపిణీ ఆపారు. పరిశీలన తర్వాత నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా పంపిణీకి ఒప్పుకుంది. మందువల్ల హాని కనపడలేదని చెప్పింది, జబ్బు తగ్గుతుందన్న నిరూపణ ఉందని మాత్రం చెప్పలేదు. ‘హాని లేదు’, ‘మేలు ఉంది’ అనేవి వేరువేరు మాటలు. ఈ రంగంలో తరచు ఒకదాని చోట ఇంకొకటి చెలామణి అవుతుంది.

పసుపు సంగతి కొంచెం వివరంగా చూడాలి. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ దక్కింది. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసి, పాత సంస్కృత గ్రంథాలనూ 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపింది. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ గెలుపు పసుపుకు జాతీయ గౌరవం తెచ్చింది. అయితే ఆ వివాదంలో ప్రశ్న ‘ఇది కొత్త సంగతా, పాతదా?’ అనే. పసుపు ఎంతవరకు పనిచేస్తుందన్నది పేటెంట్ కార్యాలయం తేల్చే విషయం కాదు.

పసుపులో చురుకైన పదార్థంగా పేరుబడ్డ కర్క్యుమిన్ బరువులో సుమారు 3 శాతమే ఉంటుంది. మింగినదాంట్లో అత్యధిక భాగం రక్తంలోకి చేరకుండానే పోతుంది. బెంగళూరు పరిశోధకులు 1998లో రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పిపెరిన్ (మిరియాల ఘాటు దీనిదే) కలిపి ఇస్తే రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగిందని చూపించారు. క్యాప్సూళ్లలో మిరియాల సారం కలపడం అక్కడినుంచి వచ్చిన అలవాటే. ఔషధ రసాయనశాస్త్రవేత్తలు 2017లో మొత్తం పరిశోధనను తిరగేసి, 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా పకడ్బందీగా చేసిన వాటిలో ఒక్కటీ నెగ్గలేదని రాశారు. ప్రయోగశాలలో అది అంత ఆశ పుట్టించడానికి తమాషా కారణం కూడా ఒకటుంది. కర్క్యుమిన్ తన మీద కాంతి పడితే తానూ కాంతిని వెదజల్లుతుంది, ప్రొటీన్లకు ఇట్టే అతుక్కుంటుంది. అందువల్ల గాజునాళికలో చేసే పరీక్షల్లో అది ఏ పనైనా చేస్తున్నట్టే కనిపించి పరిశోధకులను బోల్తా కొట్టిస్తుంది.

పప్పులో, కూరలో పడే చిటికెడు పసుపుతో ఎవరికీ ప్రమాదం లేదు. గాఢత పెంచిన సారంతోనే పేచీ. పిపెరిన్ కలిపిన కర్క్యుమిన్ వాడినవారిలో కాలేయం వాచిన సంఘటనలు ఇటలీలో 2019 నుంచి, ఆ తర్వాత అమెరికాలో వైద్యుల దృష్టికి వచ్చాయి. పిపెరిన్ పసుపును మాత్రమే లోపలికి పంపి ఊరుకోదు, మనం వేసుకునే వేరే మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. పొడి పసుపుకు వేరే గండం ఉంది: రంగు నిగనిగలాడడానికి కలిపే సీసపు క్రోమేట్. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోని సీసానికి మూలం వెతుకుతూ వెళ్లిన పరిశోధకులు పసుపు దగ్గర తేలారు.

తిప్పతీగది ఇంతకంటే సున్నితమైన వ్యవహారం. వేపచెట్ల మీదికి, పెరటి గోడల మీదికి పాకే ఈ తీగను ఆయుర్వేదం గుడూచి, అమృత అంటుంది. నిరోధక కణాలను ప్రేరేపిస్తుందనే దీనికి కోవిడ్ కాలంలో గిరాకీ వచ్చింది. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబై కాలేయ వైద్యుల దగ్గరికి కామెర్లతో వచ్చిన ఆరుగురు తిప్పతీగ వాడుతున్నవారే. 2022లో దేశంలోని 13 ఆసుపత్రులు కలిపి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించాయి. చాలామందిలో కనిపించింది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ పోలికలున్న జబ్బు, అంటే నిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదే పడడం. లోపల నిద్రాణంగా ఉన్న ఆ తత్వాన్ని తీగ తట్టిలేపి ఉంటుందని వైద్యుల అనుమానం. ఆయుష్ శాఖ దీన్ని అంగీకరించలేదు. చూడటానికి ఇలాగే ఉండే ఇంకో జాతి తీగను తిప్పతీగ అనుకుని వాడి ఉంటారని 2021లో వాదించింది. ఆ వాదన నిజమే అనుకున్నా కొనేవాడికి ఊరట లేదు. పొడిగా మారి డబ్బాలోకి చేరాక అది ఏ జాతిదో అతనెలా పోల్చుకుంటాడు?

సి, డి

మేక, కుక్క, ఎలుక తమకు కావలసిన సి విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనిషిలో ఆ జన్యువు పరిణామక్రమంలో ఎప్పుడో చెడిపోయింది. కాబట్టి తినాలి. 1747లో బ్రిటిష్ నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ సి లోటువల్ల వచ్చే స్కర్వీ జబ్బు పట్టిన 12 మంది నావికులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో పదార్థం ఇస్తే, నారింజ, నిమ్మ తిన్న జంట లేచి తిరిగింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జి ఈ పదార్థాన్ని విడదీశారు, మిరప జాతి కాయల నుంచి పెద్దమొత్తంలో తీశారు, 1937లో నోబెల్ అందుకున్నారు. ఇంతవరకు కథ లోటు పూడ్చడం గురించే.

మలుపు 1970లో వచ్చింది. అప్పటికే రెండు నోబెల్‌లు అందుకున్న లైనస్ పాలింగ్, రోజుకు గ్రాములకొద్దీ సి విటమిన్ తీసుకుంటే జలుబు రాదని పుస్తకం రాశారు. అమెరికాలో మాత్రలు దుకాణాల్లో నిలవలేదు. ఆయన మాట నిజమో కాదో తేల్చడానికి దశాబ్దాలపాటు పరీక్షలు జరిగాయి. 11 వేలకు పైగా మనుషులున్న 29 పరీక్షలను 2013లో కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష క్రోడీకరించింది. రోజూ సి మాత్ర వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా పోయింది, అంటే వారం జలుబులో అర రోజు. జలుబు పట్టుకున్నాక మాత్ర మొదలుపెడితే చెప్పుకోదగ్గ గుణం లేదు. మారథాన్ పరుగువాళ్లు, మంచులో శిక్షణ పొందే సైనికులు వంటి కొద్దిమందిలో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. ఒళ్లు విపరీతంగా అలిసినప్పుడు అవసరమే పెరుగుతుంది, అక్కడా లోటు సూత్రమే. కోవిడ్‌లో రోజుకు 8,000 మిల్లీగ్రాముల సి, 50 మిల్లీగ్రాముల జింక్ ఇచ్చి చూసిన అమెరికా పరీక్షలో కోలుకోవడం వేగవంతం కాలేదు.

మన దేశంలో పెద్దవాళ్లకు రోజుకు 65 నుంచి 80 మిల్లీగ్రాముల సి చాలని సిఫారసు. ఒక మోస్తరు జామకాయ అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ఉసిరి అంతకంటే ఘనం. కార్తికమాసంలో వనభోజనాలకు ఉసిరిచెట్టు నీడే ఎందుకో శాస్త్రం చెప్పకపోయినా ఆ నెలలో కాయ చేతికందుతుంది. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటితే రక్తంలో మట్టం పెద్దగా పెరగదు, మిగిలింది మూత్రంలో పోతుంది. గ్రాముల లెక్కన వాడితే విరేచనాలు, కొందరికి మూత్రపిండాల్లో రాళ్లు.

డి విటమిన్ తిండికంటే ఎండనుంచి ఎక్కువ వస్తుంది. ఎండకు కొదవలేని నేల మీద దాని లోపం ఉండకూడదు. కానీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2000ల్లో పరీక్షలు చేస్తే, ఊళ్లో ఉద్యోగాలు చేసుకునేవారితో పాటు పొలం పనులు చేసుకునే పల్లెవాసుల్లోనూ చాలామందికి తక్కువగా తేలింది. నల్లని చర్మం, ఒంటినిండా బట్ట, కాల్షియం తక్కువైన తిండి కలిసి చేసిన పని అది. ఊపిరితిత్తుల అంటువ్యాధుల నుంచి డి మాత్రలు కాపాడతాయని 2017లో 25 పరీక్షల క్రోడీకరణ చెప్పింది. ఆ రక్షణ అడుగంటిన లోపం ఉన్నవారిలో, రోజూనో వారానికోసారో చిన్న మోతాదు తీసుకున్నవారిలో గట్టిగా కనిపించింది. ఇంకా పెద్ద పరీక్షలు చేరేకొద్దీ ఆ మేలు చిక్కిపోయింది. 46 పరీక్షలతో 2025లో వేసిన లెక్కలో అది ఉందని ఖాయంగా చెప్పలేని స్థాయికి చేరింది. ఇక్కడ మందుల దుకాణాల్లో దొరికే 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడేది. రోజూ వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రిపాలైనవారు ఉన్నారు.

పిల్లల ప్రాణాలు

పూరకాల చరిత్రలో అసలైన విజయాలు పెద్దల జలుబు మీద సాధించినవి కావు. ఎ విటమిన్‌ను ఎడ్వర్డ్ మెలన్‌బీ, ఆయన సహచరుడు 1928లోనే అంటురోగాలను అడ్డుకునే విటమిన్ అన్నారు. జిగురుపొర ఆరోగ్యం దాని మీద ఆధారపడి ఉంటుంది. మొదటి గోడ బీటలు వారితే తట్టు, విరేచనాలు, న్యుమోనియా సులువుగా జొరబడతాయి. కంటివైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ ఇండొనేషియాలో రేచీకటి పిల్లలను చూస్తూ, వాళ్లు చూపు పోకముందే ప్రాణం పోగొట్టుకుంటున్నారని గుర్తించారు. అచే ప్రాంతంలో ఆరునెలలకోసారి ఎ విటమిన్ ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మరణాలు 34 శాతం తగ్గాయని 1986లో ప్రకటించారు.

అంతకంటే ముందే, 1970లో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఆధారంగా దేశమంతటా పిల్లలకు ఎ విటమిన్ చుక్కలు వేసే పథకం మొదలైంది. అది కంటిచూపు కోసం. మరణాల సంగతి తేల్చాలని 1990 నాటికి మన దగ్గరా రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. తమిళనాడు పల్లెల్లో వారంవారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లో ఆరునెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగిన పరీక్ష ఫలితం 2013లో వెలువడింది: 4 శాతం తగ్గుదల, అదీ ఖాయమని చెప్పలేనిది. విరోధంగా కనిపించే ఈ అంకెలకు ఒక వివరణ ఉంది. టీకాలు, ఆసుపత్రి, కాస్త మెరుగైన తిండి అందేకొద్దీ విటమిన్ ఒక్కదాని వల్ల ఒరిగేది తగ్గుతుంది. హైదరాబాద్ పరీక్షలో రెండు వర్గాల పిల్లలనూ కార్యకర్తలు తరచు వెళ్లి చూసి వచ్చేవారు, ఆ పలకరింపే కొన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందని అప్పట్లోనే చర్చ నడిచింది. ఎ విటమిన్ ఎక్కువైతే కాలేయానికి చేటు. మునగాకు, తోటకూర, బొప్పాయి ఎంత తిన్నా ఆ భయం లేదు, ఎందుకంటే వాటిలోని కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది.

జింక్ లోపం మనుషుల్లోనూ ఉంటుందని 1960ల ఆరంభంలో ఇరాన్, ఈజిప్టుల్లో పనిచేసిన భారతీయ వైద్యుడు ఆనంద ప్రసాద్ గుర్తించారు. ఢిల్లీ మురికివాడల్లో సునీల్ సజావల్ బృందం 1990ల్లో చేసిన పరీక్షల్లో జింక్ తీసుకున్న పిల్లలకు విరేచనాలు త్వరగా కట్టాయి. 2004 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇమ్మంటోంది. ధాన్యం, పప్పుల్లో జింక్ ఉన్నా వాటిలోనే ఉన్న ఫైటేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. పులిస్తే, మొలకెత్తితే ఆ పట్టు సడలుతుంది. రాత్రంతా పులిసిన ఇడ్లీపిండి, దోసెపిండి ఈ పని ఎవరూ చెప్పకుండానే చేసిపెడుతున్నాయి.

ఇనుము విషయం తిరకాసు. అది మన కణాలకు ఎంత అవసరమో క్రిములకూ అంతే. జాంజిబార్‌లోని పెంబా దీవిలో మలేరియా విపరీతంగా ఉన్నచోట పిల్లలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తే ఆసుపత్రిలో చేరికలు, మరణాలు పెరిగాయి. ఆ వర్గానికి మాత్రలు మధ్యలోనే ఆపేశారు. ఫలితం 2006లో వెలువడింది.

నమ్మకం చెడిన పరిశోధన

పోషకాహారం, రోగనిరోధకత అనే రెంటినీ కలిపి ప్రపంచానికి పరిచయం చేసినవారిలో రంజిత్ కుమార్ చంద్ర ఒకరు. పంజాబ్ నుంచి వెళ్లి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో స్థిరపడ్డారు. బహుళ విటమిన్ మాత్ర వేసుకున్న వృద్ధులకు అంటురోగాలతో మంచానపడే రోజులు సగానికి తగ్గాయని 1992లో ఆయన లాన్సెట్ వైద్యపత్రికలో రాసిన వ్యాసం దశాబ్దంపాటు ఈ వ్యాపారానికి మూలస్తంభం. అదే తరహా మాత్ర జ్ఞాపకశక్తినీ పెంచుతుందన్న 2001 వ్యాసంలోని అంకెలు సాధ్యమయ్యేవి కావని ఇతర పరిశోధకులు పట్టుకున్నారు. 2005లో దాన్ని ఉపసంహరించారు. లాన్సెట్ వ్యాసం 2016లో వెనక్కి వెళ్లింది. ఈలోగా ఆ వ్యాసాన్ని నమ్మి ఎన్ని సీసాలు అమ్ముడుపోయాయో లెక్కలేదు.

పెరుగు

పేగుల్లోని సూక్ష్మజీవులకు ఆరోగ్యంతో ముడిపెట్టిన తొలి పెద్ద శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్. క్రిములను మింగే కణాలను కనిపెట్టి 1908 నోబెల్ పంచుకున్నది ఆయనే, బల్గేరియా రైతుల దీర్ఘాయువుకు పుల్లపెరుగే కారణమని ప్రచారం చేసిందీ ఆయనే. మొదటిది శాస్త్రంగా నిలబడింది, రెండోది చాలాకాలం వేలంవెర్రిగా మిగిలింది. వందేళ్ల తర్వాత ఒడిశా గ్రామాల నుంచి గట్టి ఆధారం ఒకటి వచ్చింది. అక్కడ 4,556 మంది నవజాత శిశువులలో సగం మందికి పుట్టిన కొద్దిరోజుల్లోనే లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌ను దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి వారంపాటు ఇచ్చారు. సెప్సిస్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. 2017లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. ఇది ఒక ప్రత్యేక జాతి బాక్టీరియాతో, దాదాపు నెలలు నిండిన, తల్లిపాలు తాగే పిల్లల్లో వచ్చిన ఫలితం. మన గిన్నెలోని తోడుపెరుగుకో, దుకాణంలోని ప్రోబయాటిక్ పానీయానికో దీన్ని అంటగట్టలేం. నెలలు నిండని పిల్లల్లో ప్రోబయాటిక్ క్రిములు రక్తంలోకి చేరిన సందర్భాలుండటంతో 2023లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసింది. చద్దన్నం, తరవాణి గొప్పదనం గురించి ఇప్పుడు వస్తున్న ప్రచారాన్ని కూడా ఈ కొలతతోనే చూడాలి. అవి చవకైన, చలువచేసే, మంచి తిండి. అంతకుమించిన బరువు వాటి నెత్తిన పెట్టనక్కర్లేదు.

చట్టం

అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్‌ను అమ్మకానికి పెట్టేముందు అది పనిచేస్తుందని రుజువు చూపించాల్సిన పనిలేదు. భారత్‌లో ఇవి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) కిందికి వస్తాయి. 2016లో చేసిన నిబంధనల ప్రకారం విటమిన్లు, ఖనిజాలు రోజువారీ సిఫారసు మోతాదుకు లోబడి ఉండాలి, ‘ఔషధ వినియోగానికి కాదు’ అని డబ్బా మీద ముద్రించాలి. మోతాదు పెరిగితే అదే విటమిన్ మందుల చట్టంలోకి వెళుతుంది. ఆయుర్వేద లేహ్యాలు, చూర్ణాలకు 1940 నాటి ఔషధ చట్టం కింద లైసెన్సు వేరే. ఒకే ఉసిరికాయ పచ్చడైతే ఆహారం, గోళీ అయితే సప్లిమెంట్, లేహ్యమైతే మందు.

బియ్యం, కందిపప్పు

ఆకలికీ అంటురోగానికీ ఉన్న ముడిని 1968లో స్క్రిమ్‌షా, టేలర్, గోర్డన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన గ్రంథం శాస్త్రీయంగా స్థాపించింది. ప్రొటీన్, కేలరీలు చాలని పిల్లల్లో టి కణాలకు తర్ఫీదు ఇచ్చే థైమస్ గ్రంథి ముడుచుకుపోతుంది. జబ్బు ఆకలిని చంపుతుంది, తిండి తగ్గడంతో మరో జబ్బు వస్తుంది. ఈ సుడిగుండాన్ని క్షయలో చూసినంత స్పష్టంగా వేరెక్కడా చూడలేం.

క్షయకు మందులు లేని రోజుల్లో విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన తిండే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1910ల్లో వెలసింది అందుకే. మందులు వచ్చాక మద్రాసులో 1956లో మొదలైన ఒక పరీక్ష ఆ పద్ధతిని తలకిందులు చేసింది. శానిటోరియంలో మంచి తిండి తింటూ పడుకున్నవారికీ, మురికివాడల్లో అరకొర తిండి తింటూ ఇంట్లోనే మందులు వాడినవారికీ దాదాపు ఒకే రీతిలో నయమైంది. ప్రపంచమంతటా క్షయ వైద్యం ఆసుపత్రుల నుంచి ఇళ్లకు మారింది. అది పెద్ద మేలు. దాంతోపాటే తిండికి ప్రాముఖ్యం లేదన్న భావన కూడా స్థిరపడిపోయింది. నయం కావడం వేరు, అసలు జబ్బు రాకుండా ఉండటం వేరు అన్న సంగతి మరుగునపడింది.

ఆ రెండో ప్రశ్నను జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా జరిగిన ‘రేషన్స్’ పరీక్ష వేసింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ వైద్యులు కలిసి 2,800 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులనూ, వాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్న 10,345 మందినీ ఎంచుకున్నారు. రోగులందరికీ ఆహారం అందింది. ఇంటివారిలో ఒక వర్గానికి మాత్రం పెద్ద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలో కందిపప్పు, విటమిన్ మాత్రలు ఆరునెలలపాటు ఇచ్చారు. రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీన్ అదనం. రెండో వర్గం తన మామూలు తిండి తాను తింది. రేషన్ అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం, ఇతరులకు అంటించే రకం ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గాయి. రోగుల్లోనూ మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణం ముప్పు సుమారు 60 శాతం తక్కువగా ఉంది. ఏ మూలిక సీసా మీదా ఇలాంటి అంకె ఇంతవరకు నిజాయతీగా ముద్రించే అవకాశం రాలేదు.

ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వెలువడ్డాయి. క్షయ రోగి ఖాతాలో ప్రభుత్వం నెలనెలా వేసే నిక్షయ్ పోషణ్ సాయం 2018 నుంచి 500 రూపాయలుగా ఉండేది, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అదే ఏడాది రోగితో కలిసి ఉండే కుటుంబ సభ్యులను కూడా దాతలు ఇచ్చే ఆహారపు బుట్టల పథకంలో చేర్చారు.